పసుపే అన్నాను

నాన్న ముప్పై ఏళ్ళు బస్సులకు రంగులు వేశాడు. రంగు ఎవరైనా వేస్తారు, గీత గీయడం మాత్రం ఆయన ఒక్కడి వల్లే అయ్యేది. ముందు చక్రం దగ్గర సన్నకుంచె ఆనిస్తే వెనక దీపం దాకా చెయ్యి వణక్కుండా ఒకే గీత. షెడ్డులో అందరూ ఆయన్ని గీతల మేస్త్రి అనేవారు. అలాంటి మనిషికి కంటి నరం ఎండిపోతోందని, చుక్కల మందు వేసినా మూడు నాలుగు నెలలకు మించి చూపు నిలవదని కళ్ళ డాక్టరు చెప్పింది. నాకు ఆవిడ మీద కోపం వచ్చింది. కోపం రావడానికి నాకు పెద్ద కారణాలు అక్కర్లేదు.

ఆసుపత్రి నుంచి వస్తుంటే మా వీధి చివర పెంపుడు చేపల కొట్టు ముందు నాన్న ఆగిపోయాడు. తొట్టిలో పళ్ళెంలా గుండ్రంగా, పలచగా ఉన్న చేప. ఒంటినిండా తల నుంచి తోక దాకా మెలికలు తిరిగిన నీలం గీతలు. అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూశాడు.

"ఈ గీత ఎవడు గీశాడే! ఎక్కడా చెయ్యి ఎత్తలేదు చూడు."

అది డిస్కస్ చేపని కొట్టాయన చెప్పాడు. ఇరుకులో బెదిరి ఇలా నల్లబడిందట, కుదురుగా ఉంటే ఆ నీలం వెలుగుతుందట. అంతే, నాన్న పట్టు పట్టాడు. "మనింట్లో పెడదాం. కళ్ళు పోయేలోగా ఆ నీలం ఒక్కసారి చూస్తే చాలు నాకు" అన్నాడు.

"మేస్త్రి గారూ, డిస్కస్ అంటే కొత్తల్లుడండీ" అన్నాడు కొట్టాయన. "నీళ్ళు వెచ్చగా ఉండాలి, ఇంట్లో చప్పుడు ఉండకూడదు, ఏది తేడా వచ్చినా మూలకెళ్ళి అలుగుతుంది."

ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ముందుగదిలో నాలుగడుగుల తొట్టి వచ్చింది. నాన్న దాని వెనక నల్ల కాగితం అంటించాడు. నీళ్ళు వెచ్చబెట్టే కడ్డీ పెట్టి ముప్పై డిగ్రీల దగ్గర నిలిపాడు. మూలన ఫిల్టరు, అందులో పిడికెడు మందం స్పంజీ. ఇక చేపలు తెచ్చుకోవడమే అనుకున్నాను. కాదట. నీళ్ళు పండాలట, అందుకు ఆరు వారాలు పడుతుందట. చేపల మలంలోంచి విషం పుడుతుందని, ఆ విషాన్ని తినే కంటికి కనిపించని జీవాలు ముందుగా పెరగాలని, అవి లేని నీళ్ళలో చేపను వేస్తే చంపినట్టేనని నాన్న నాకు పాఠం చెప్పాడు. వాటి కోసం రోజూ పొద్దున్నే ఖాళీ తొట్టిలో చిటికెడు మేత వేసేవాడు.

"దెయ్యాలకు భోజనం పెడుతున్నావా నాన్నా?"

"నీకు తెలీదులే. నువ్వు చంపేదానివి, నేను పెంచేవాణ్ణి."

అది నిజమే. నా ఉద్యోగం ఆసుపత్రిలో ఆపరేషన్ కత్తులు, కత్తెరలు కడిగి, క్రిములు చావడానికి ఆవిరిపెట్టెలో పెట్టడం. పంతొమ్మిదేళ్ళుగా చేస్తున్నాను. మురికి కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు.

వారానికోసారి నాన్న గాజు గొట్టంలో తొట్టి నీళ్ళు పట్టి, కొట్టాయన ఇచ్చిన పరీక్ష మందు నాలుగు చుక్కలు కలిపేవాడు. నీళ్ళు పసుపు రంగులోకి వస్తే విషం లేనట్టు, ఆకుపచ్చగా మారితే ఉన్నట్టు. మొదట్లో కిటికీ దగ్గరికి వెళ్ళి తనే చూసుకున్నాడు. నాలుగో వారం ఆ గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి, చివరికి నా చేతికిచ్చి, "ఏం రంగే?" అన్నాడు. వెయ్యి డబ్బాల్లోంచి ఒక్క చుక్క తేడా పట్టేసిన మనిషి నన్ను రంగు అడిగాడు. ఆ రోజు నుంచి రంగు చెప్పేది నేనే. ఆరో వారం రెండుసార్లు పరీక్షించినా పసుపే వచ్చింది.

చేపలు తేవడానికి కొట్టాయన నాన్నను తన బండిలో తీసుకెళ్ళాడు. నాకు సెలవు. ఇల్లు తుడిచాను, తొట్టి అద్దం తుడిచాను. అప్పుడు ఫిల్టరు మూత తీశాను. స్పంజీ నిండా గోధుమరంగు జిగురు, చెరువు మట్టి వాసన. ఆరు వారాలు కాచుకుని, చివరికి ఈ మురికిలోనా చేపల్ని పెట్టేది? నీళ్ళు పండాలన్నాడు కాబట్టి నీళ్ళను ముట్టుకోలేదు. స్పంజీని మాత్రం వేడినీళ్ళలో పిండి, ఆసుపత్రిలో వాడే క్రిముల మందులో నానబెట్టి, మందు ఆనవాలు లేకుండా ఏడుసార్లు జాడించాను. కొత్తదానిలా తెల్లబడింది. చాలా సంతోషపడ్డాను.

ఐదు చేపలు వచ్చాయి. రెండు రోజులు మూలన నల్లగా నక్కాయి. ప్రయాణపు బెదురన్నాడు నాన్న. తొట్టి ముందు ముక్కాలిపీట వేసుకుని అక్కడే తిన్నాడు, అక్కడే కునికాడు. మూడో రోజు ఒకటి ముందుకొచ్చి మేత అందుకుంది. దాని వీపు మీద సన్నటి నీలం మెరిసింది.

"వస్తోందే! రేపటికి నీలం బాగా తేలుతుంది."

నాలుగో రోజు పొద్దున అన్నీ నీటి పైకి చేరి నోళ్ళు తెరిచి ఆయాసపడుతున్నాయి. నాన్న తడుముకుంటూ గొట్టంలో నీళ్ళు పట్టి, చుక్కలు వేసి నాకిచ్చాడు.

ఆకుపచ్చ. లేత ఆకుపచ్చ కూడా కాదు. అది చూడగానే తెల్లటి స్పంజీ కళ్ళ ముందు నిలిచింది. ఆ జీవాలు ఉండేది నీళ్ళలో కాదు, ఆ జిగురులో. ఆరు వారాలు మా నాన్న మేత వేసి పెంచిన వాటిని నేను వేడినీళ్ళు పోసి చంపేశాను.

"ఏం రంగే?"

"పసుపే నాన్నా."

ఎందుకన్నానో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలీదు. భయపడ్డాను. ఎవరికీ తెలియకుండా సరిచేద్దామనుకున్నాను. ఆయన కునుకు తీస్తుంటే నాలుగు చెంబుల నీళ్ళు తోడి కొత్తవి పోశాను. అంత తొట్టికి అవి ఏ మూలకి? కొట్టాయన ఫోన్‌లో, "స్పంజీ ఎవరైనా కడిగారామ్మా?" అని అడిగాడు. లేదన్నాను. విషం లేదు, స్పంజీ ముట్టలేదు అంటే ఇక జబ్బే అనుకుని, చేపల ఒంట్లో పురుగులు పోవడానికి వేసే మందు వెయ్యమన్నాడు. వేశాం. మర్నాడు రెండు, ఆ మర్నాడు మూడు పోయాయి.

చచ్చిన చేపల్ని నాన్న ఒక్కొక్కటిగా చేత్తో తడిమి బకెట్లో వేశాడు. తర్వాత ఫిల్టరులో చెయ్యి పెట్టి స్పంజీ తీసి వాసన చూశాడు. వేళ్ళతో రుద్ది మళ్ళీ చూశాడు.

"కడిగావా?"

"ఊఁ."

"ఆ రోజు ఏం రంగు వచ్చింది?"

"ఆకుపచ్చ."

"అప్పుడే చెప్పి ఉంటే రోజుకు రెండుసార్లు సగం నీళ్ళు మార్చి బతికించుకునేవాళ్ళం కదే" అన్నాడు. తిడితే బాగుండేది. కడిగినందుకు తిట్టలేదు, దాచినందుకూ తిట్టలేదు. కాళ్ళ మీద పడి ఏడ్చాను. నా తల మీద చెయ్యి వేసి, కాసేపటికి తీసేశాడు.

మర్నాడు మళ్ళీ ఖాళీ తొట్టిలో చిటికెడు మేత వేశాడు. మళ్ళీ ఆరు వారాలు. రెండో వారానికి గుమ్మం కనబడక తల కొట్టుకున్నాడు. నాలుగో వారానికి నా ముఖం ఎటుందో గొంతును బట్టి పట్టుకునేవాడు. ఆరో వారం కొట్టాయనే వచ్చి నీళ్ళు పరీక్షించాడు. నన్ను ఎవరూ అడగలేదు.

కొత్త చేపలు బాగా కుదురుకున్నాయి. పదో రోజు అన్నీ ముందుకొచ్చి వరసగా నిలబడ్డాయి. ఆ నీలం నేను ఏ బస్సు మీదా చూడలేదు. చేపలు ఎలా ఉన్నాయో చూసిపోదామని వచ్చిన కొట్టాయన పక్కనే నిలబడి ఉన్నాడు. నాన్న పీట మీద కూర్చుని, చేపలున్న చోటికి జానెడు పక్కగా ముఖం పెట్టి చూస్తున్నాడు.

"తేలిందా?"

"తేలింది నాన్నా. నీలం. తల నుంచి తోక దాకా, ఎక్కడా తెగలేదు. నువ్వు గీసినట్టే ఉంది" అన్నాను.

నాన్న మెల్లగా కొట్టాయన నిలబడిన వైపు తల తిప్పాడు.

"నువ్వు చెప్పవయ్యా, ఏం రంగు?"

"నీలమేనండీ మేస్త్రి గారూ."

అప్పుడు తల ఊపాడు.