నాలుగో గాటు

చిన్న చెక్కముక్కను ఆనించి సుత్తితో రెండుసార్లు తట్టేసరికి, బేస్ గిటారు మెడ చివర ఉన్న పాత నట్టు ఊడి రిపేరాయన ఒళ్ళో పడింది. అంగుళమున్నర పొడవున్న తెల్ల ముక్క. నాలుగు తీగలూ దాని గాట్లలోంచే సాగాలి. నడుమన నిలువునా పగిలి ఉంది.

"నట్టంటే బోల్టుకి పెట్టేదనుకుని మా ఆవిడ నన్ను ఇనపసామాన్ల కొట్టుకి తరిమింది. వాడు ఎంత సైజని అడిగాడండీ!" అన్నాడు ఎదురుగా కూర్చున్న బేసాయన. పాతికేళ్ళుగా పెళ్ళిళ్ళ బ్యాండులో బేస్ వాయిస్తున్న భారీ మనిషి. సాయంత్రం ఆరింటికి ప్రోగ్రాం.

రిపేరాయన నవ్వి తలూపాడు. ఒక్క ముక్కా వినపడలేదు. రెండేళ్ళుగా అందరికీ ఇలాగే తలూపుతున్నాడు. అలా తలూపే ఇంటి గోడలకు చిలకపచ్చ రంగు వేయించడానికి ఒప్పుకున్నాడు. మరదలి కూతురి పెళ్ళిలో పాట పాడతానని మాటిచ్చాడు.

ముందు గదిలో వాయిద్యాల షాపు, వెనక ఈ మరమ్మతు గది. షాపు బావమరిదిది. ముప్పయ్యొక్క ఏళ్ళుగా ఈ బల్ల దగ్గరే రిపేరాయన పని. చెవుల సంగతి ఇంతవరకూ బావమరిదికి తెలియదు. తెలిస్తే ఆ మర్నాడు ఈ గదిలో తనకేం పని?

రేకు డబ్బాలో నట్టు ముక్కలు కలగలిసి ఉన్నాయి. కొన్ని ఎముకవి, కొన్ని ప్లాస్టిక్‌వి, చూడ్డానికి అన్నీ ఒకటే తెలుపు. వెనకటికైతే బండ మీద పడేసేవాడు. ఎముక టింగుమనేది, ప్లాస్టిక్ టప్పుమనేది. ఇప్పుడు రెండూ నోరు విప్పడం మానేశాయి. అందుకని ఒక్కో ముక్కనూ ఆకురాయికి రుద్ది ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నాలుగోది పళ్ళ డాక్టరు గదిలా కంపు కొట్టింది. ఎముకే!

బేసాయన నోరు తెరిచాడు. "వాసన చూసి నాదం చెప్పేస్తారా!"

రిపేరాయన తలూపాడు.

అడుగు భాగం అద్దమంత చదునయ్యేదాకా గరుకు కాగితం మీద అరగదీశాడు. పెన్సిలు మొన చెక్కి గుర్తులు పెట్టాడు. తీగలు ఒకదాన్ని మించి ఒకటి లావు కాబట్టి, గుర్తుకూ గుర్తుకూ కాదు, తీగకూ తీగకూ మధ్య ఖాళీ సమానంగా ఉండాలి. సన్నటి ఆకురాళ్ళతో గాట్లు కోశాడు. నాలుగోది, అన్నిటికన్నా లావు తీగది, ఎందుకో ఇంకో రెండు రుద్దులు రుద్దాడు.

తీగలు బిగించారు. బేసాయన స్పీకరుకు తగిలించి వాయించాడు.

"ఎలా ఉంది?" అన్నాడు రిపేరాయన.

"బ్రహ్మాండం!"

"నాకూ అలాగే అనిపించింది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని మురిసిపోతుండగా బావమరిది తెర పక్కకి లాగి తల దూర్చాడు. "బావా, ఫ్యానులో ఏదన్నా ఇరుక్కుందా? ఆ బరబరేంటి?"

బావమరిది గట్టిగానే అరిచాడు. ఇద్దరూ తలెత్తి చూశారు. ఫ్యాను తిరగడం లేదు.

బావమరిది వచ్చి లావు తీగ మీటాడు. గాటు లోతెక్కువై అది మెడ మీది మొదటి లోహపు మెట్టుకు తగిలి, ఖాళీ డబ్బాలో గులకరాళ్ళలా బర్రుమంది. ఆ మొహం చూశాడు, ఈ మొహం చూశాడు. రెంటిలోనూ ఒకే చిరునవ్వు.

బావ చెవి దగ్గరికి వంగి, "ఎన్నాళ్ళైంది బావా?" అన్నాడు గట్టిగా.

రిపేరాయన తలూపలేదు. "రెండేళ్ళు."

బేసాయన బడిపిల్లాడిలా చెయ్యెత్తాడు. "నాది ఏడేళ్ళండీ. డ్రమ్ము పక్కన నిలబడి నిలబడి చెవులు పోయాయి. ఎవరూ అడగలేదు. బేస్ ఎవడు వింటాడు గనక?"

బావమరిదికి పొట్ట చెక్కలయ్యేలా నవ్వొచ్చింది. రిపేరాయన మాత్రం నవ్వలేదు. పాడైన నట్టు తట్టి ఊడగొట్టి, మళ్ళీ డబ్బా తెరిచి, మళ్ళీ వాసన చూశాడు.

ఈసారి లావు తీగ గాటు దగ్గరికొచ్చేసరికి గిటారు తల పళ్ళకు ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. ఒక్క రుద్దు, ఒక్క మీటు. మళ్ళీ ఒక్క రుద్దు. తీగకూ మొదటి మెట్టుకూ మధ్య కాగితమంత సందు మిగిలింది. మీటితే పంటి మొదళ్ళలోంచి పుర్రెలోకి, మెడలోకి, నున్నగా, బరువుగా దిగింది నాదం. ఇసుక రేణువంత గరుకు లేదు. రెండేళ్ళలో ఆయన విన్న మొదటి స్వరం అది. కాసేపు గిటారును పళ్ళ దగ్గర్నుంచి తియ్యలేదు.

"సరిగ్గా ఉంది బావా," అన్నాడు బావమరిది, నెమ్మదిగా.

ఆ మాట వినపడకపోయినా రిపేరాయనకు తెలిసింది. రెండు చుక్కల జిగురు పెట్టి నట్టు అతికించాడు. బేసాయన గిటారు చంకన పెట్టుకుని, గుమ్మానికి భుజం కొట్టుకుని, ఆరింటి ప్రోగ్రాంకి పరుగెత్తాడు.

రిపేరాయన చేతులు కడుక్కున్నాడు. ఆకురాళ్ళన్నీ తుడిచి వరసలో పేర్చాడు. చెప్పులేసుకుంటూ, "రేపట్నుంచి రాను," అన్నాడు.

"నేను పొమ్మన్నానా బావా?" అని బావమరిది గొంతు పెంచాడు.

"ఏమో, అన్నా నాకు వినపడదుగా."

బావమరిది నవ్వబోయి ఆగిపోయాడు.

"ఇవాళ నువ్వు షాపులో ఉన్నావు కాబట్టి సరిపోయింది," అన్నాడు రిపేరాయన. "నువ్వు లేని రోజున బ్రహ్మాండమని చెప్పి పంపించేస్తాను. పాపం, వాయించేవాడు పదిమందిలో పరువు పోగొట్టుకుంటాడు."

"పళ్ళతో విన్నావుగా!"

"అదే చాల్రా నాకు," అన్నాడు. వినపడే అన్నాడో, వినపడకే అన్నాడో. వీధి మలుపు దాకా మామూలు నడకతోనే వెళ్ళాడు.

దీపం ఆర్పడానికి బావమరిది వెనక గదిలోకి వచ్చి, స్విచ్చి మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాడు. బల్ల ముందు ముక్కాలిపీట మీద నాలుగు మడతల పాత దుప్పటి, నడుమన మనిషి కూర్చున్నంత మేర గుంటపడి, ఇంకా పైకి లేవకుండా ఉంది.