కత్తెరక్క

ఆ స్వెట్టర్ల కార్ఖానాలో ఆమెను అందరూ కత్తెరక్క అనేవారు. మిషన్ల మీద అల్లిన ఊలు గుడ్డను బల్లమీద పరిచి మెడలు, చంకలు కత్తిరించడం ఆమె పని. చూపు మందగించినా అలవాటు మీద నెట్టుకొచ్చేది. కత్తెర కన్నా ఆమె నోటికి పదునెక్కువ. ఆ పదునంతా మిషన్ నడిపే సొంత చెల్లెలి మీదే.

"దీనికి చేతులున్నాయి గానీ బుర్రే లేదు," అనేది పదిమందిలో. సంబంధం మాట్లాడడానికొచ్చిన వాళ్ల ముందూ అదే మాట అంది. వాళ్లు మళ్లీ రాలేదు. చెల్లెలు నవ్వి ఊరుకుంది గానీ, మనసులో పెట్టుకుంది.

బల్లకింద ముక్కలు గుట్టలు పడేవి. అవి విప్పినా పొట్టి పోగులే. చెత్తబండికి తప్ప దేనికీ పనికిరావు. ఒకరోజు యజమాని ఆ గుట్ట చూసి తల పట్టుకున్నాడు.

"కుట్లు తగ్గించుకుంటూ అల్లితే మెడ, చంక ఒంపులు మిషన్ మీదే వచ్చేస్తాయండి," అంది చెల్లెలు. "ముక్కలే పడవు. తప్పొచ్చినవి విప్పి అదే ఊలుతో మళ్లీ అల్లుకోవచ్చు."

"మరి కత్తిరించేవాళ్లు?"

చెల్లెలు అక్కవైపు చూసింది. అక్క గోడకానుకుని టీ తాగుతోంది.

"అది మీ ఇష్టమండి."

కొన్నాళ్లకే బల్ల ఎత్తేశారు. అక్కను మాత్రం చెల్లెలే అడిగి ఉంచుకుంది, తప్పొచ్చిన స్వెట్టర్లు విప్పే పనికి, తన చేతికింద.

"నన్ను పంపించెయ్యమని చెప్పవే. ఇంకోచోట కత్తెర పట్టుకుంటా," అని బతిమాలింది అక్క.

"ఈ కళ్లతో ఎవరు పెట్టుకుంటారక్కా? నా నీడన పడుండు."

అక్క ముందు విప్పాల్సిన స్వెట్టర్ల బుట్ట ఎప్పుడూ ఖాళీ అయ్యేది కాదు. అవకుండా చెల్లెలే చూసుకునేది. తప్పొచ్చినవి లేనప్పుడు, శుభ్రంగా అల్లినవి తెచ్చి పడేసేది.

ఒక మధ్యాహ్నం అక్క ఒక స్వెట్టరును ఒళ్లో పెట్టుకుని వేళ్లతో అంగుళం అంగుళం తడిమింది. కుట్టు జారలేదు. పోగు తెగలేదు.

"ఇందులో తప్పెక్కడుందే?"

మిషన్లు ఆగాయి. అందరూ ఇటే చూశారు.

"కనబడట్లేదా అక్కా?" అంది చెల్లెలు తియ్యగా. "కనబడకపోతే చెప్పు, నీకు చూపు పోయిందని అయ్యగారికి చెబుతా. ఇంకెక్కడా పని దొరకదు."

అక్కకు అర్థమైంది. తల వంచుకుంది.

"కనబడింది," అంది.

అంచు దగ్గర పోగు పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. చెల్లెలు కాసేపు నిలబడి చూసి, ఇంకో మంచి స్వెట్టరు తేవడానికి వెళ్లింది.