చెడిపోని మోటార్లు

జానయ్య ముల్లుగర్ర ముక్కను నాలుగో నంబరు మోటారు మీద ఆనించి, రెండో కొసను కుడి చెవికి అదిమిపెట్టి కళ్ళు మూసుకున్నాడు. చుట్టూ ఐదు మోటార్లు మోత మోగుతున్నా, కర్రలోంచి నాలుగోదాని చప్పుడు ఒక్కటే పైకొచ్చింది. లోపల బేరింగులో ఇసుక నమిలినట్టు సన్నని గరగర. నిన్న ఇది లేదు. అతని అంచనాలో ఇంకో వారం నడిస్తే ఎక్కువ.

చౌటుప్పల్ దగ్గరి మందుల ఫ్యాక్టరీలో నీళ్ళ మోటార్లు చూడటం అతని పని. యాభై నాలుగేళ్ళ బక్కపలచని మనిషి. కర్ర ఒరుసుకుని ఒరుసుకుని కుడి చెవి తమ్మె కాయగాసింది. పటేలు దగ్గర జీతమున్న రోజుల్లో వాళ్ళ నాయిన ఎడ్లను అదిలించిన కర్ర అది. ఆయన పోయాక మూరెడు ముక్క కోసి తెచ్చుకున్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఏ మోటారుకు నలత చేసినా ముందు ఈ కర్రకే తెలుస్తుంది. గ్రీజు పెట్టి, బోల్టు బిగించి, అది ఆగకముందే బాగుచేస్తాడు. చేసినట్టు ఎవరికీ చెప్పడు. నోట్లో నాలుక లేని మనిషి. ఏం లాభం? షెడ్డులో మరమ్మతుల రిజిస్టరు తెల్లగా ఉండిపోయింది.

కర్రను గోడ మేకుకు తగిలించాడు. మోటార్లు మంచిగా ఉన్నన్నాళ్ళూ అది అక్కడ కదలకుండా వేలాడుతుంది.

పదింటికి క్యాంటీను మీది హాల్లోకి పిలుపొచ్చింది. హెడ్డాఫీసు వాళ్ళు రాబోయే ఐదేళ్ళకు ప్రణాళిక వేస్తున్నారు. ఎవరిలో ఏ ప్రతిభ ఉందో కనుక్కుని అక్కడ పెడతారట, ఏదీ లేనివాళ్ళను ఇంటికి పంపుతారట. జానయ్యకు నిన్నటి నుంచి ముద్ద దిగడం లేదు. ఈ షెడ్డు పోతే ఈ వయసులో అతన్ని పనిలో పెట్టుకునేవాళ్ళు లేరు.

"కూర్చోండి జానయ్యగారూ," అంది సుచరిత. హెడ్డాఫీసు నుంచి వచ్చిన అమ్మాయి, అతని కూతురు ఈడుది. తన పేరు వెనక 'గారు' విని జానయ్య కుర్చీ పట్టుకుని నిలబడిపోయాడు.

"మీకు ప్రత్యేకంగా ఏం వచ్చో చెప్పండి."

'అడిగితే దాచకు, నీ చెవి సంగతి చెప్పు' అని భార్య బిక్షమ్మ సద్ది కడుతూ మూడుసార్లు చెప్పి పంపింది. కానీ పెద్దవాళ్ళ ముందు 'నాకిది వచ్చు' అనడం వాళ్ళ ఇంటా వంటా లేదు. పటేలు ఏది అడిగినా నాయిన 'నాకేమెరుక దొరా' అనే అనేవాడు.

"నాకేమొస్తది మేడం. మోటర్లు చూసుకుంట ఉంట, గంతే."

ఆమె పక్కనున్న షిఫ్టు ఇన్‌చార్జి దశరథ్ వైపు చూసింది. ఎనిమిదేళ్ళ కింద జానయ్య దగ్గరే పని నేర్చుకున్నవాడు. ఎవరిని ఉంచాలో తేల్చే కాగితాల కట్టలో అతని పేరూ ఉంది. తలెత్తకుండా గోళ్ళు చూసుకున్నాడు.

"ఏడాదిలో ఎన్ని మోటార్లు ఆగాయి?"

"ఒక్కటి గుడ ఆగలే మేడం!" జానయ్య ఆ ఒక్క మాట గట్టిగా అన్నాడు.

సుచరిత షెడ్డు నుంచి తెప్పించిన ఖాళీ రిజిస్టరు తిప్పింది. "అంటే అక్కడ పెద్దగా పనేమీ ఉండదన్నమాట," అని తనలో తను గొణుక్కుంటూ రాసుకుంది.

జానయ్యకు 'నేను చూసుకున్నాను కాబట్టే ఆగలేదు తల్లీ' అనాలని గొంతుదాకా వచ్చింది. అడగనిదే అమ్మయినా అన్నం పెట్టదంటారు. ఈ పిల్ల అడిగి మరీ పెడతానంది. ఇతనికే నోరు పెగల్లేదు.

"నాల్గోది ఖరాబైతాంది మేడం," అన్నాడు చివరికి. "లోపట సప్పుడు మారింది."

"వచ్చే నెల మోటార్ల చప్పుడు పసిగట్టే మెషిన్లు బిగిస్తున్నాం, అవే చెప్తాయి. మీరు దిగులుపడకండి," అని మంచిగానే నవ్వింది.

నాలుగింటికి ఇంటికి పంపేవాళ్ళ జాబితా గోడకెక్కింది, అందులో జానయ్య పేరుంది. దశరథ్ షెడ్డుకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నీ చెవి సంగతి నేనొక్క మాట చెప్తే అయిపోతుండె కాకా. నా నౌకరీ గుడ పోతదని బుగులైంది."

"పిల్లలు గలోనివి. ఫికర్ జెయ్యకు బిడ్డా." జానయ్యకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. మోటారు వైపు తిరిగి మింగేశాడు. "నాల్గోదాన్ని జర ఆపియ్యి. బేరింగు మార్చి పోత."

"నడిచే మోటరును ఎట్ల ఆపుదు కాకా? ఎందుకు ఆపినవంటే ఏం చెప్పాలె?"

జానయ్య కర్ర తీసి అతని చేతిలో పెట్టాడు. దశరథ్ దాన్ని చెవికి ఆనించుకుని చాలాసేపు విన్నాడు.

"అన్ని ఒక్కతీర్గనే ఇనొస్తున్నయ్."

"మొదాల గట్లనే ఉంటది. పదేండ్లు ఇంటే విడివిడిగ ఇనొస్తది."

దశరథ్ కర్రను మళ్ళీ మేకుకు తగిలించాడు. జానయ్య నాలుగోదానికి నిండా గ్రీజు పెట్టి, చేతులు తుడుచుకుని, టిఫిను డబ్బా సంచిలో వేసుకుని గేటు వైపు నడిచాడు. ఖాళీ రిజిస్టరు మళ్ళీ షెడ్డు బల్ల మీదికే చేరింది.

నాలుగో మోటారు వెనక గోడకు వేలాడుతున్న ముల్లుగర్ర సన్నగా, ఆగకుండా వణుకుతోంది.