సిద్ధిరాములు చేయించుకున్న ఆపరేషన్

మరమగ్గాల ఊరు నార్పోలిలో ఒకే కార్ఖానాలో పక్కపక్క మగ్గాలు నడిపే కనుకయ్య, సిద్ధిరాములు ఒకే చాల్‌లో, వరుసగా కట్టిన అద్దె గదుల్లో, గోడకు గోడ ఆనుకుని ఉండేవారు. ఇద్దరికీ ఒకటే జబ్బు. అంగం ముందు తోలు బిగుసుకుపోయి మాటిమాటికీ పుండు పడేది. కలిసే ఆస్పత్రికి వెళ్లారు. ఆ తోలు తీయించుకుంటే తప్ప తగ్గదని డాక్టరు ఇద్దరికీ చెప్పాడు. అది 1996 వర్షాకాలం. సిద్ధిరాములు తీయించుకున్నాడు. కనుకయ్య వెనక్కి తగ్గాడు.

కార్ఖానాలో సిద్ధిరాములును అందరూ ‘సాయిబు’ అని పిలవసాగారు. ఆ పేరు పెట్టింది కనుకయ్యే. చాయ్ తాగేటప్పుడు అందరికంటే గట్టిగా నవ్వేదీ అతనే. సిద్ధిరాములు చాయ్ తాగేసి తన మగ్గం దగ్గరికి పోయేవాడు.

గదికి వచ్చాక మాత్రం కనుకయ్యకు నవ్వు వచ్చేది కాదు. పుండు మానాక సిద్ధిరాములు భార్య రాజమణి ముఖం విప్పారింది. కార్ఖానా సెలవుండే శుక్రవారం ఇద్దరూ ధామన్కర్ నాకా కూడలి దాకా నడిచి వెళ్లి భేల్ తిని వచ్చేవారు. గోడ అవతల వాళ్ల గుసగుసలు వినిపిస్తుంటే కనుకయ్య ఇవతల పళ్లు కొరుక్కునేవాడు. తన భార్య కళ పక్కకు చేరి అతనికి నెలలైంది. ఎందుకో ఆమెకు చెప్పడానికి సిగ్గుపడ్డాడు.

ఒకరోజు అన్నం పెడుతూ కళ మెల్లగా అంది: “నువ్వు గూడ గా ఆపరేషన్ చేయించుకోరాదు? వారం మంట ఉంటదట, గంతే.”

కనుకయ్య చేయి పళ్లెంలోనే ఆగిపోయింది. “నీకెవలు చెప్పిండ్రు?”

రాజమణి చెప్పిందని కళ అంది. అతను నమ్మలేదు. సిద్ధిరాములే తన ఇంటికి వచ్చి చెప్పి ఉంటాడని అతని మనసులో పడింది. పళ్లెం తోసేసి కార్ఖానాకు పోయి, సిద్ధిరాములును బయటికి పిలిచి చొక్కా పట్టుకున్నాడు. తన పెండ్లాంతో ఏం మాటలని అడిగాడు.

సిద్ధిరాములు ఆ చేతులు విడిపించుకోలేదు. కళతో తానెన్నడూ మాట్లాడలేదన్నాడు.

“రాజమణి దగ్గర ఏడ్సిందట. నువ్వు ఇంకొకామె దగ్గరికి పోతున్నవని నీ మీదనే అనుమానపడ్డది. అప్పుడు చెప్పింది మా ఆమె, నీకూ నా జబ్బే ఉన్నదని.”

కనుకయ్య పట్టు సడలింది. అసలు భయం బయటపెట్టాడు. “మతం గొడవలైతే బట్టలిప్పి చూస్తరు గద. అప్పుడేం చెప్పాలె?”

“నాకూ గదే భయముండె. గొడవలు ఎన్నడైతయో తెల్వది. మంటయితే రోజూ ఉండె.”

పై వారమే కనుకయ్య ఆపరేషన్ చేయించుకున్నాడు. సిద్ధిరాములే తోడు వెళ్లాడు. కనుకయ్య తన తల్లి దుర్గవ్వకు మాత్రం గడ్డ కోయించుకున్నానని చెప్పాడు. కార్ఖానాలో నవ్వులు ఈసారి అతని మీదికి మళ్లాయి. భరించాడు. పుండు మానింది, కళ ముఖం తేటపడింది.

సిద్ధిరాములు చేసిన మేలు కనుకయ్య మరవలేదు. కానీ తన ఇంట్లో ఏడుపు తనకంటే ముందే ఎరిగిన మనిషి కళ్లెదుట తిరగడం ఓర్చుకోలేకపోయాడు. దీపావళికి ముందే దూరంగా కాల్హేర్ వైపు వేరే కార్ఖానాలో పని, ఒక గది మాట్లాడాడు. రాజమణిని విడిచిపోవడం కళకు ఇష్టం లేదు. అయినా ఎందుకని అడగకుండా సామాను సర్దింది.