గేటవతలి దూరం

లక్క కడ్డీని కొవ్వొత్తి మంటకు చూపిస్తూనే అనసూర్య రెండో చేత్తో టైపు కాగితాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. మున్సిపల్ ఆఫీసులో అటెండరుగా ఇరవై రెండేళ్లు. అక్షరాలు ఇప్పటికీ కూడబలుక్కోవాలి. అంకెలు మాత్రం గడగడా చదువుతుంది. జిల్లాకు పోయే ఏ కవరుకైనా సీలు వేసేముందు లోపలి అంకెలు చూడటం అలవాటు.

ఊరికి కొత్త నీళ్ల ట్యాంకు ఒక్కటే మంజూరైంది. నాలుగు వాడలు అడుగుతున్నాయి. ఎవరికివ్వాలో తేల్చడానికి పట్టిక వేశారు: జనం, నీటి దూరం, జాగా, ఖర్చు, రోగాలు. ఒక్కోదానికి పదిలో మార్కులు, ఒక్కోదానికి ఇంత బరువు. గుణించి కూడితే ఎక్కువ వచ్చిన వాడకే ట్యాంకు. అనసూర్య ఉండే రైలు గేటవతలి వాడ అన్నిటికంటే అడుగున ఉంది. మొత్తం 512. నీటి దూరం గడిలో కలంతో నింపిన అంకె 180 మీటర్లు. దానికి రెండే మార్కులు.

ఆమె కొవ్వొత్తి ఆర్పేసింది.

బక్కపలచని మనిషి. ముంగురులు పూర్తిగా నెరిశాయి. కుడి తుంటి కాస్త పైకి లేచి ఉంటుంది, బిందె దించేసినా దిగని తుంటి. మొగుడు రాజయ్య ఇదే ఆఫీసులో పైపులు వేసేవాడు. ఊరంతా నల్లాలు బిగించి, తన వాడకు పైపు రాకముందే కామెర్లతో పోయాడు. ఆయన బదులు ఈమెకు అటెండరు నౌకరీ ఇచ్చారు. ఇవాళ సాయంత్రం ఐదింటికి అదీ అయిపోతుంది.

పట్టిక తయారుచేసిన ప్లానింగు ఆఫీసరు కొండల్‌రావు ముందుకు వెళ్లి నిలబడింది.

"సారూ, గీ నూట ఎనభై ఎవలు గొలిచిండ్రు?"

"మ్యాపు మీద స్కేలు పెట్టి నేనే. ఏందమ్మా?"

"మీ మ్యాపుల రైలు లేదా?"

"లైను ఉంది కదా."

"లైనున్నది, డబ్బాలు లెవ్వు. బొగ్గు డబ్బాలు పొద్దంత అడ్డం నిలవడ్తయి. నల్లా ఇవతల, మేం అవతల. బిందె వట్టుకొని గేటు సుట్టు తిరిగి పోతం. అది రాయున్రి."

"ఇప్పుడెట్ల మారుస్తం? నాలుగింటి బస్సుకు ఇది ఆదిలాబాద్ పోవాలె. కవరు అంటించు."

"నేనంటియ్య."

కొండల్‌రావు కలం బల్ల మీద పెట్టాడు. ముప్పై ఏళ్లు నిండని మనిషి. పట్టిక మీద నిజంగానే రెండు నెలలు కష్టపడ్డాడు.

"నీ పెన్షన్ కాగితాలు కూడా నా బల్ల మీదనే ఉన్నయి, అనసూర్యమ్మా."

"ఉండనియ్యి సారూ. మీద జర బరువు వెట్టున్రి, గాలికి ఎగురుతయి."

వరండాలో కొలత గొలుసు చిక్కు తీస్తున్న చైన్‌మన్ మక్బూల్ కిసుక్కున నవ్వాడు. అనసూర్య అటు తిరిగింది.

"నవ్వుడు కాదు తమ్మీ, చైను వట్టు."

"సాబ్ హుకుం లేంది ఎట్ల అక్కా?"

"సాబ్ కూడా వస్తడు. నేను అబద్ధమాడుతున్ననో లేదో ఆయనకూ ఎర్క కావాలె కద."

నడిచి చూపిస్తే ఈమె నోరు మూతపడుతుందనుకుని కొండల్‌రావు లేచాడు.

పట్టాల మీద బొగ్గు డబ్బాలు వరసగా నిలిచి ఉన్నాయి. ఒక ఆడమనిషి రెండు డబ్బాల మధ్య కొక్కెం కింద వంగి బిందెను అవతలికి నెడుతోంది. కొండల్‌రావు గట్టిగా కేకేశాడు. ఆమె విననట్టే బిందె వెనక తనూ దూరిపోయింది. ముగ్గురూ నల్లా దగ్గర గొలుసు మొదలుపెట్టి గేటు వైపు తిరిగారు. ముప్పై మీటర్ల గొలుసు సాగుతోంది, మక్బూల్ లెక్క పైకి అంటున్నాడు. పదిహేనో గొలుసుకు కొండల్‌రావు బూట్లలోకి బొగ్గుపొడి చేరింది. అనసూర్య ఇంటి గడప దగ్గర లెక్క ఆగింది.

"ఇకత్తీస్," అన్నాడు మక్బూల్ చెమట తుడుచుకుంటూ. "ముప్పై ఒకటి."

తొమ్మిది వందల ముప్పై మీటర్లు.

ఆఫీసుకు వచ్చాక కొండల్‌రావు బూట్లు దులుపుకుని కుర్చీలో కూర్చున్నాడు. కొత్త కాగితం తీసి గీతలు గీశాడు. నీటి దూరానికి తొమ్మిది మార్కులు వేశాడు. దాని బరువు ఇరవై ఐదుతో గుణించి, మిగతావి కూడాడు. 687.

"మీ వాడ రెండోది అయింది. కొత్తపేటకు 701 ఉన్నయి. నీ మాట నిజమే, కని ట్యాంకు వాళ్లదే. ఇగ సరేనా?"

అనసూర్య కాగితం మీదికి వంగింది. మొదటి గడిలో వేలు పెట్టింది.

"ఇండ్లు నూట పదిహేనా? నంబర్లున్న ఇండ్లే రాసిండ్రు. పట్టాలెంబడి గుడిసెలు నలభై ఉన్నయి. నంబరు లేకుంటే దూపగాదా వాళ్లకు?"

"అది వేరే సర్వే అమ్మా!"

"అయితే చెయ్యున్రి."

గోడ గడియారం ఐదు కొట్టింది. నాలుగింటి బస్సు ఎప్పుడో పోయింది. కొండల్‌రావు కొత్త పట్టికను కవరులో పెట్టలేదు. కాసేపు చూసి సొరుగులోకి నెట్టాడు.

"నీ డ్యూటీ అయిపోయింది," అన్నాడు. గొంతులో కోపం లేదు.

"అయింది. రేపు పొద్దుగాల నౌకరు లెక్క రాను. గేటవతలి మనిషి లెక్క వస్త. గుడిసెలోళ్లను గూడ తోలుకొస్త. లెక్క తప్పకుంట మీరే ఎంచున్రి."

అనసూర్య సంతకాల పుస్తకంలో ఆఖరి సంతకం, నాలుగక్షరాలూ విడివిడిగా, గట్టిగా నొక్కి పెట్టింది. దండ తెద్దామని మక్బూల్ అంటే, పూలు వాడిపోతాయి, ఇంటికి పొమ్మంది. కొంగు నడుముకు చుట్టి, కుడి తుంటి ఎగరేసుకుంటూ గేటు వైపు నడిచిపోయింది.

దాహమై కొండల్‌రావు మూలనున్న కుండ దగ్గరికి వెళ్లాడు. పొద్దుటి టైపు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆమె కుండకు మూత చేసింది. తడి పీల్చి, 180 అంకె చుట్టూ సిరా నీలంగా పాకుతోంది.