వేయించుకున్నవారి గడి

“నీకేమమ్మా, మూడు డోసులూ పడ్డాయి” అంది అత్తగారు. తుమ్ముతున్న మనవరాలి దగ్గరికి వెళ్ళమని కోడలికి చేత్తో సైగ చేసి, తను మాత్రం తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని మంచం అవతలి అంచుకి జరిగింది.

కోడలు పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని, కూతురి ముక్కు తుడిచి, నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు, ఉత్త తుమ్మే. “సరిగ్గా చూడు, మళ్ళీ చూడు” అంది అత్తగారు దూరం నుంచే. వైరస్‌లో కొత్త రకం వచ్చిందని వార్తల్లో చెప్పినప్పటినుంచీ ఇంట్లో ఎవరికి ఏమొచ్చినా ముందుకి తోసేది ఆమెనే. పాల ప్యాకెట్లు లోపలికి తెచ్చేది ఆమె. తలుపు కొట్టినవాళ్ళకి జవాబు చెప్పేది ఆమె. పై అంతస్తులో ఇంటిల్లిపాదీ పడకేస్తే అన్నం గిన్నె వాళ్ళ గుమ్మంలో పెట్టి వచ్చేదీ ఆమే. మూడు పడ్డాయి కదా మరి.

పడలేదు. పడ్డవి రెండే. ఆ సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురు: ఆమె, ఆమె భర్త, భర్త అక్క. ఆ ముగ్గురిలో ఇద్దరు హాయిగా మరిచిపోయారు.

ఫ్రిజ్ తలుపు మీద మాత్రం మూడూ పడ్డట్టే ఉంది. పదేళ్ళ కూతురు గీతలు గీసి, నాయనమ్మ, నాన్న, అమ్మ, నేను అని నాలుగు వరుసలు రాసి, డోసు పడ్డప్పుడల్లా ఒక మెరిసే నక్షత్రం అంటించింది. నాయనమ్మకి మూడు, నాన్నకి రెండు, అమ్మకి మూడు. పిల్లల వంతు ఇంకా రాలేదు కనక తన వరుస ఖాళీ. ఆ మూడో నక్షత్రం అంటించిన రోజున కూతురు ఒక ప్రశ్న వేసింది. “ఈసారి నీకు జ్వరం రాలేదేం అమ్మా?” ఆమె సింకులో గిన్నెల చప్పుడు పెంచింది.

ఆమె టీకా కేంద్రంలో నర్సు. రోజుకి రెండు వందల భుజాలు చూస్తుంది. సన్న భుజాలు, కొవ్వు పట్టిన భుజాలు, పచ్చబొట్టు కనబడకుండా చొక్కా లాక్కునే భుజాలు. “మీ హస్తవాసి మంచిది సిస్టర్, సూది గుచ్చినట్టే లేదు” అంటారు. అక్కడ లోకమంతటికీ సిస్టర్. ఇంటికొస్తే మాత్రం ఆ హస్తవాసి పప్పు మాడిన రోజునే గుర్తుకొస్తుంది అందరికీ.

మొదటి డోసు పడ్డప్పుడు ఆమెకి నూటరెండు జ్వరం. ఆ జ్వరంతోనే అన్నం వార్చింది, బట్టలు ఆరేసింది. “కదుల్తూ ఉంటేనే దిగుతుంది” అంది అత్తగారు. మరుసటి నెల భర్తకి పడింది. థర్మామీటరు ఎన్నిసార్లు పెట్టినా తొంభై ఎనిమిది దాటలేదు, అయినా రెండు రోజులు దుప్పటి తియ్యలేదు. “లోపల్లోపల కాలుతోంది” అన్నాడు. “మగాడి ఒళ్ళు, తట్టుకోలేదు” అని వాళ్ళమ్మ వంత పాడింది. రెండో డోసుకి ఆమె తెలివి నేర్చి, ముందు రోజే కూరలు తరిగి, రెండు రోజులకి సరిపడా వండి పెట్టుకుని మరీ వేయించుకుంది. ఆ వంట ఒక్కపూటలో అయిపోయింది.

ఇక మూడోది. ముందు వరుసలో పనిచేసేవాళ్ళకి బూస్టర్ అన్నారు. ఆమె పేరు జాబితాలోకొచ్చిన రోజునే ఆడపడుచు ఫోను. ఆవిడ ఉండే భవనంలో వారం తిరక్కుండా ఇద్దరు పోయారు. ఆవిడ వంతు రావడానికి ఇంకా నాలుగు నెలలుంది. ఫోన్లో ఏడ్చింది పాపం, అది దొంగ ఏడుపు కాదు. భయం ఎవరికైనా భయమే. కానీ భయపడ్డవాళ్ళకి ఎవరో ఒకరు తమ వంతు ఇవ్వాలి కదా, ఆ ఎవరో ఎప్పుడూ ఆమే ఎందుకవుతుందో ఆమెకి ఆనాడు అడగాలనిపించలేదు.

“నీ వంతు అక్కకి ఇచ్చెయ్” అన్నాడు భర్త, టీవీ మీంచి చూపు తిప్పకుండానే. “నువ్వు ఎప్పుడైనా వేసుకోవచ్చు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే. నువ్వేమో వడ్డించేదానివే అయ్యె!” తన మాటకి తనే నవ్వుకున్నాడు. “అయినా ఇప్పుడు నీకు జ్వరమొస్తే అమ్మ పథ్యం ఎవరు చూస్తారు?”

ఒక్కో డోసుకీ రిజిస్టర్లో ఒక వరుస. వేయించుకున్నవారు అని ఒక గడి, వేసినవారు అని ఒక గడి. ఆ సాయంత్రం, కేంద్రం మూసేవేళ, ఆడపడుచు మాస్కు మీద మాస్కు పెట్టుకుని వచ్చి కూర్చుంది. ఆమె సూది వేసింది, దూది అద్దింది, రెండు గడుల్లోనూ తన పేరే రాసింది. తన చేత్తో తనకి వేసుకున్నట్టుగా. పక్కన సంతకం పెడుతుంటే ఆడపడుచు భుజం రుద్దుకుంటూ, “నీ చెయ్యి కాస్త బరువే” అంది.

అంతటితో అయితే బాగుండును. ఆ రాత్రే ఆడపడుచుకి జ్వరం కాసింది. ఒంటరిగా ఉండలేనంటూ తమ్ముడింటికి వచ్చి పడుకుంది. తన వంతు డోసుకి వచ్చిన జ్వరానికి, తడిగుడ్డ వేసి, జావ కాచి, రెండు రోజులు సెలవు పెట్టి ఆమే సేవ చేసింది. సెలవు కాగితంలో కారణం ‘బూస్టర్ తరువాత జ్వరం’ అని రాసింది. అబద్ధం కాదు, కాకపోతే జ్వరం వేరొకరిది.

తరవాత వేసుకోవచ్చులే అనుకున్నది జరగలేదు. కంప్యూటర్లో ఆమె నంబరు పక్కన ‘పూర్తయింది’ అని పడిపోయింది. సీసాలో పది డోసులుంటాయి, మూత తెరిచాక ఆరు గంటల్లో అయిపోవాలి. ఒడుపుగా లాగితే ఒక్కోసారి పదకొండోది వస్తుంది. ఆ పదకొండోది ఎవరికీ చెప్పకుండా వేసుకుందామని కాచుకు కూర్చుంది. ఒకసారి వచ్చింది. గుమ్మంలో వాచ్‌మన్ నిలబడ్డాడు, డ్యూటీ దిగి పరిగెత్తుకుంటూ వచ్చాడు, మొదటి డోసు కూడా పడనివాడు. అతనికి వేసింది. ఇంకోసారి వచ్చింది. ఎలా తెలిసిందో, అప్పుడే భర్త ఫోను: “మా ఆఫీసరు గారి అమ్మగారిని పంపిస్తున్నాను, మిగిలితే చూడు.” ఆ తరవాత కొత్త రకం వచ్చింది, సీసాలకి కరువొచ్చింది, పెద్ద సిస్టర్ పదకొండో చుక్కని కూడా జాబితా ప్రకారమే ఇవ్వమంది.

ఆ పెద్ద సిస్టరే నిన్న స్టోరు గదిలో ఐసు ప్యాకెట్లు లెక్కపెట్టుకుంటూ అంది, “జ్వరాల వార్డు మళ్ళీ తెరుస్తున్నారు. మూడూ పడ్డవాళ్ళనే లోపలికి పంపమన్నారు. నీ పేరే మొదటిది. ఎల్లుండి నుంచి పదిహేను రోజులు.”

మూడూ పడ్డవాళ్ళనే పంపాలన్న నియమం ఊరికే రాలేదు. పోయినసారి ఆమెతో కలిసి అన్నం తినే నేస్తాన్ని, రెండు పడ్డాయిగా ఏం కాదని లోపలికి పంపారు. పదో రోజున పోయింది. ఆ నేస్తం అన్నం డబ్బా ఇప్పటికీ సిబ్బంది గది బీరువాలో పై అరలో ఉంది. ఎవరూ తియ్యరు, ఎవరూ దాని మీద ఇంకో డబ్బా పెట్టరు. మూత మీద నెయిల్ పాలిష్‌తో గీసుకున్న చిన్న పువ్వు. నిన్న ఆ బీరువా ముందు నిలబడి ఆమె తన డబ్బా తీసుకోబోయి ఆ పువ్వు దగ్గరే ఆగిపోయింది. చావంటే భయం వేసింది. పెద్ద మాటలేం కాదు, వట్టి భయం.

నిన్న సాయంత్రమే వంటింట్లో భర్తకి చెప్పింది.

“పదిహేను రోజులేగా” అన్నాడు. “రెండు పీపీఈ సూట్లు తొడుక్కో.”

“నాకు పడింది రెండేనండీ.”

“గట్టిగా అనకు!” గుమ్మం వైపు చూశాడు. “మిగిలిపోయిందేదో అక్కకి వేశారనుకుంటోంది అమ్మ. ఇప్పుడు బయటపెడితే అక్క పరువేం కావాలి? పైగా సంతకం ఎవరిది? నీదేగా? పోయేది నీ ఉద్యోగమే.”

సంతకం ఆమెదే.

“ఆ పదిహేను రోజులూ వెనక గదిలో ఉండు. అమ్మకి అంటుకుంటే కష్టం” అన్నాడు.

“మరి వంట?”

అతను నిజంగానే ఆలోచించాడు. గడ్డం గోక్కుని, పైకి చూసి, ఆలోచించి, “మాస్కు పెట్టుకుని చెయ్యొచ్చుగా” అన్నాడు.

ఆమెకి నవ్వొచ్చింది. కడుపులోంచి తన్నుకొచ్చిన నవ్వు, ఆపుకోలేక స్టవ్వు గట్టు పట్టుకుంది. అతను బిత్తరపోయి చూశాడు. ఆ నవ్వు ఆగాక, గరిటె కడుగుతూ, అతనన్నవన్నీ ఒకటొకటిగా మళ్ళీ విన్నది. అక్క పరువు గురించి భయపడ్డాడు. అమ్మకి అంటుకుంటుందని భయపడ్డాడు. జీతం గురించి భయపడ్డాడు. వంట గురించి కూడా ఆలోచించాడు పాపం. చెడ్డవాడేం కాదు, చెయ్యెత్తి కొట్టినవాడు కాదు. నీకేమైనా అయితే ఎలా అన్న మాట మాత్రం అతనికి తట్టనే లేదు. ఆ దిగులు దాచుకున్నా కనబడేది. దాచుకోవడానికి కూడా అతని దగ్గర అది లేదు. పన్నెండేళ్ళుగా ఆమె ఈ ఇంట్లో ఎవరికి ఎప్పుడు ఏ మందు, ఎవరికి ఎన్నో డోసు, ఎవరి జ్వరం ఎంత అన్నది గుర్తుపెట్టుకుంది. ఆమె జ్వరం గుర్తుపెట్టుకోవడం ఎవరి పని? ఆమెదే. ఆ ఒక్క పనీ ఆమె సరిగ్గా చెయ్యలేదు. తన వంతు తనే చేతులారా వేరేవాళ్ళకి వేసి, పక్కన సంతకం పెట్టింది.

ఇవాళ పొద్దున్నే పెద్ద సిస్టర్ గదికి వెళ్ళి చెప్పింది. ఎవరికి వేసిందో, ఏ రోజో, ఏ వరుసో, అంతా.

పెద్ద సిస్టర్ లేచి తలుపు దగ్గరగా వేసింది. “ఇప్పుడా చెప్పడం? వార్డుకి భయపడి చెప్తోందంటారు.”

“భయమే మేడమ్. భయపడే చెప్తున్నాను.”

“చూడమ్మా, నాకు లోపలికి ఆరుగురు కావాలి. సరిగ్గా ఆరుగురే ఉన్నారు. నువ్వు తప్పుకుంటే నేనెవర్ని పంపను?” గొంతు తగ్గించింది. “నువ్వేం చెప్పలేదు, నేనేం విన్లేదు. రేపు వచ్చి సూటు తొడుక్కో. లేదంటే మెమో, విచారణ, నీ పేరూ నా పేరూ ఊరంతా. పిల్లుంది కదా నీకు?”

పిల్లుంది. అందుకే కదా బతకాలని ఉంది. ఆమె ఇనప బీరువా తెరిచి, బూస్టర్ వేసిన నెల రిజిస్టరు తీసి, బల్ల మీద పెట్టి, పేజీలు తిప్పింది. కొత్తగా చేరిన అమ్మాయిలకి ఆమే నేర్పేది: తప్పు రాస్తే రుద్దెయ్యకూడదు, తెల్ల రంగు పుయ్యకూడదు, ఒక్క ఎర్ర గీతతో కొట్టెయ్యాలి, కింద ముందు రాసింది కనబడుతూనే ఉండాలి, పక్కన తేదీ వేసి సంతకం పెట్టాలి. వేయించుకున్నవారి గడిలో తన పేరు మీద ఒక్క ఎర్ర గీత గీసింది. పైన ఆడపడుచు పేరు రాసింది. వేసినవారి గడిలో తన పేరు అలాగే ఉంచింది.

పెద్ద సిస్టర్ ఆ గీత చూసి రిజిస్టరు తన వైపు లాక్కుంది. “సరే. కాగితం మీద రాసివ్వు. పిలిచేదాకా రాకు” అంది.

“నా మూడోది మేడమ్?”

“విచారణ తేలేదాకా నీ నంబరు మీద ఏదీ పడదు.”

వెళ్తూ వెళ్తూ ఆమె సిబ్బంది గదిలో తన అన్నం డబ్బా తీసుకుంది. పై అర వైపు ఒకసారి చూసింది. దారంతా బస్సులో కిటికీ తెరిచే ఉంచింది. తేలిక పడ్డట్టేం లేదు. ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలీదు, డోసు లేదు, కొత్త రకం ఊళ్ళోనే ఉంది. వార్డులోకి ఇంకెవరో వెళ్తారు, ఆ మనిషి ముఖం ఎలా ఉంటుందో కూడా తెలీదు. అది కూడా ఆమె ఖాతాలోదే.

మధ్యాహ్నం వేళ ఆమెని గుమ్మంలో చూసి భర్త లాప్‌టాప్ ముందునుంచి లేచి నిలబడ్డాడు, అంతే. ఆమె చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, సూటిగా ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళింది. అమ్మ వరుసలో మూడో నక్షత్రం గోటితో గీకింది. గట్టిగా అంటుకుపోయింది. సగం చిరిగి, మిగతాది మెల్లగా వచ్చింది.

“అమ్మా! ఎందుకు పీకేశావ్?” కూతురు పరిగెత్తుకొచ్చింది.

“నాకు పడలేదు కనక.”

పిల్ల నుదురు ముడుచుకుని లెక్క వేసుకుంది. జ్వరం రాలేదన్న సంగతి ఆ బుర్రలో ఇంకా ఉంది కాబోలు. “మరి ఎవరికి పడింది?”

గదిలోంచి అత్తగారి టీవీ చప్పుడు ఆగిపోయింది. కూతురి వెనకాల నిలబడ్డ భర్త, వద్దు వద్దని తల అడ్డంగా ఊపాడు. పన్నెండేళ్ళుగా ఆ తల అలా ఊగితే ఆమె నోట్లో మాట నోట్లోనే ఆగిపోయేది. ఇవాళ ఆమె వంగి, చిరిగిన నక్షత్రాన్ని కూతురి అరచేతిలో పెట్టింది.

“మీ అత్తకి” అంది. “వేసింది మాత్రం నేనే.”