మెడ వంపు మీద ఎర్ర పెట్టె

"ఎర్రగా ఏది కనబడినా ముట్టుకోకు, దిక్. నన్ను పిలువు."

లాప్‌టాప్‌లో యాంటీవైరస్ వేసిన రోజున మా ఆయన దర్మాజీ అన్న మాట ఇది. ఆయన నన్ను దిక్ అని ముద్దుగా పిలిచారంటే మనసు బాగున్నట్టే. నేను తురుముతున్న కొబ్బరి చిప్ప పక్కన పెట్టి "ఇంగ్గీ, మాస్" అన్నాను. మాస్ అంటే ఏవండీ, ఇంగ్గీ అంటే అలాగేనండీ. బుద్ధెరిగినప్పటినుంచీ నా నాలుక మీద కాపురం ఉన్న మాట అదొక్కటే. అడిగినవాళ్ల ముఖం మీద కాదనకూడదు, ముందు ఇంగ్గీ అనెయ్, చెయ్యగలవో లేదో తర్వాత చూసుకోవచ్చు అని మా అమ్మ నేర్పింది. జావాలో మా సాలతిగాలో ఏ ఇంటి ఆడపిల్లకైనా ఉగ్గుతో పోసేది ఇదే. "మా కోడలి నోట ఇంగ్గీ తప్ప ఇంకో మాట రాదమ్మా" అని మా అత్తగారు వీధి వీధంతా చెప్పుకుంటారు. అది పొగడ్త అని నేనూ చాలాకాలం మురిసిపోయాను.

ఆ లాప్‌టాప్ మీద ఆదివారాలు నేను పాఠం చెబుతాను. తెర మీద పెన్నుతో గీసి చూపిస్తూ కెబాయా జాకెట్టు కత్తిరించడం నేర్పుతాను. నా దగ్గర నేర్చుకునేవాళ్లు హాంకాంగ్‌లో ఇళ్లల్లో పనిచేసే మా జావా పిల్లలు. వారమంతా ఎవరి వంటో వండి, ఎవరి పిల్లల్నో నిద్రపుచ్చి, ఆదివారం పార్కులో అట్టపెట్టెలు పరుచుకుని, మధ్యలో ఫోన్ నిలబెట్టుకుని కూర్చుంటారు. ఊరికొచ్చాక కుట్టుపని పెట్టుకుంటే మళ్లీ ఓడరేవు దాటనక్కర్లేదని వాళ్ల ఆశ. వాళ్లు నన్ను బు రుమి, అంటే రుమి అమ్మ, అంటారు. మా వీధిలో నేను ఆయన పేరుతో బు దర్మాజీని. రుమియాతి అనే మనిషి ఒకతి ఉందని ఆ పార్కులో ఆడపిల్లలకి తప్ప ఎవరికీ గుర్తులేదేమో అనిపిస్తుంది.

సరిగ్గా మెడ వంపు గీసేటప్పుడే తెర మీద ఆ యాంటీవైరస్ ఎర్ర పెట్టె వచ్చి కూర్చునేది. మీ కంప్యూటర్‌లో చెత్త పేరుకుంది, శుభ్రం చెయ్యమంటారా? మిమ్మల్ని ఎవరో గమనిస్తూ ఉండవచ్చు, దాచమంటారా? ఈ వారం మేము మిమ్మల్ని ఎంత కాపాడామో చూస్తారా? అంత మర్యాదగా అడుగుతుంటే కాదని ఎలా అంటాను? అన్నిటికీ ఇంగ్గీ అన్నట్టే సరే నొక్కాను. ప్రతి సరేకీ ఇంకొకటి దిగబడేది. పాస్‌వర్డులు దాచేదొకటి, చెత్త ఊడ్చేదొకటి, నేను అడగని బ్రౌజర్ ఒకటి. చుట్టాల్లా వచ్చినవి వచ్చినట్టే మకాం పెట్టాయి.

"బు, మెడ కనబడట్లేదు!" అని అక్కణ్నుంచి కేకలు.

"ఎర్రోడు మళ్లీ వచ్చాడే!" అని ఇంకొకత్తె.

నేను మా ఆయన్ని పిలిచేదాన్ని. ఆయన వరండాలో పిట్టల పంజరాల దగ్గరనుంచి లేచి వచ్చి, మూలనున్న గుర్తు నొక్కి, "చూశావా, ఇంతే. అడిగినదానికల్లా సరే అనడమేనా? కాస్త బుర్ర పెట్టొద్దూ?" అని నవ్వేవారు. పిల్లలంతా విన్నారని నాకు తల కొట్టేసినట్టయ్యేది. తర్వాత బియ్యం కడుగుతూ ఆ మాటే తిప్పి తిప్పి తలుచుకున్నాను. టీ అంటే సరే అనాలి. అత్తగారి కాళ్లు పట్టమంటే, చుట్టాలు పది రోజులుంటారంటే, ఉన్న ఒక్క ఫ్యానూ వాళ్ల గదిలో పెట్టమంటే సరే అనాలి. యంత్రానికి మాత్రం సరే అంటే బుర్ర లేనట్టా? మరి ఈ బుర్రని ఇలా మలిచింది ఎవరు? బియ్యం నీళ్లు తెల్లగా పోతూనే ఉన్నాయి, నేను కడుగుతూనే ఉన్నాను.

ఒక ఆదివారం ఆ పిల్లల్లో యత్మి బట్ట పాడుచేసుకుంది. వాళ్లమ్మకి కుట్టాలని దాచుకున్న ఆకుపచ్చ లేసు బట్ట. పెట్టె అడ్డొచ్చిన చోట వంపు ఎక్కడిదాకా దిగాలో కనబడక, ఊహించుకుని కత్తెర వేసేసింది. మెడ రొమ్ముదాకా తెరుచుకుపోయింది. "పర్లేదు బు, నాదే తప్పు" అంది, ముక్కు ఎగబీలుస్తూనే. పాఠం ముగిశాక పక్కపిల్ల మెల్లిగా "బు, వచ్చే ఆదివారం కూడా ఇలాగే ఉంటే..." అని ఆపేసింది. మావాళ్లు ఇలాంటి మాట పూర్తిగా అనరు. వేరే టీచరుని చూసుకుంటారని నాకు అర్థమైంది.

"పోనీ మానెయ్యరాదూ, దిక్" అన్నారు మా ఆయన, రాత్రి అన్నాల దగ్గర. నా కంచంలో సోయాగింజల టెంపే ముక్క ఒకటి ఎక్కువ వేసి మరీ అన్నారు. "ఆదివారం ఒక్కరోజైనా ఇంట్లో హాయిగా ఉండు." అందులో ప్రేమ లేదని నేననలేను. ఇంగ్గీ నా పెదవుల దాకా వచ్చింది. అన్నం ముద్దతో పాటు మింగేశాను.

శనివారం ఆయన పిట్టల పాటల పోటీకి వెళ్లారు, అత్తగారు కునుకు తీశారు. నేను చేతులు తుడుచుకుని యాంటీవైరస్ సెట్టింగులు తెరిచాను. ప్రతి వాక్యం పత్రం చదివినట్టు చదివాను. కొత్త ఆఫర్లు చూపించాలా అన్నచోట ఆపేశాను. వెంటనే అడిగింది: నిజంగా ఆపేస్తారా? మీరు ప్రమాదంలో పడవచ్చు. నవ్వుకుంటే నవ్వుకోండి. వద్దు అని నొక్కడం నాకు ఒంటి మీద బట్ట లేకుండా వీధిలోకి వెళ్లడంలా ఉంది. నొక్కాను. ఏమీ కాలేదు. పక్కింటి కోడి కూసింది, అంతే. ఆ తర్వాత చప్పుళ్లు ఆపాను, వారం వారం వచ్చే గొప్పల నివేదిక ఆపాను. చెత్త ఊడ్చేదాన్నీ, అడగని బ్రౌజర్‌నీ తీసేశాను. ఎందుకు తీసేస్తున్నారో చెప్పండి అని అది బతిమాలింది. జవాబివ్వక్కర్లేదని కింద చిన్న అక్షరాలతో ఉంది. అది చదివి ఎంతసేపు అలా కూర్చున్నానో! తెర నిండా పాఠం ఉన్నప్పుడు ఏ పెట్టే రాకుండా నిశ్శబ్దం పెట్టాను. వైరస్‌లని పట్టే అసలు కాపలాని మాత్రం ముట్టుకోలేదు. కాపలా కాయడం వేరు, కాస్తున్నానని గంటకోసారి అరవడం వేరు. ఇళ్లలో కూడా అంతే కదా అనిపించింది.

ఆయన రాగానే చెప్పేశాను. కళ్లజోడు పెట్టుకుని నా పక్కన కూర్చుని అన్నీ చూశారు. "అసలు కాపలా ఉంది కదా?" అన్నారు.

"ఉంది, మాస్."

గొంతు తగ్గించి, "ఇవి ఆపొచ్చని నాకూ తెలీదు, దిక్. మా ఆఫీసులోనూ రోజూ వస్తాయి. నేనూ అన్నిటికీ సరే కొట్టేస్తుంటాను" అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఆయన మీద చచ్చేంత ప్రేమా వచ్చింది. "అయితే నా ఫోన్ కూడా కాస్త చూసిపెట్టు" అన్నారు వెంటనే. ఆ పనీ నా నెత్తినే పడింది.

ఆదివారం తెర ఖాళీగా, తెల్లగా ఉంది. భుజం గీశాను. మెడ దగ్గరకొచ్చాను. పార్కులో పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. యత్మి కొత్త బట్ట తెచ్చుకుంది. సగం వంపు గీశానో లేదో, తలుపు తెర పక్కకి జరిగింది.

"దిక్, వీధి సంఘం వాళ్లొచ్చారు. కాస్త టీ పెట్టి, అరటిపండు బజ్జీలు కూడా వెయ్యి."

ముందు గదిలో మగవాళ్ల మాటలు వినబడుతున్నాయి. మైకు ఆన్‌లోనే ఉంది. నేను చేతిలో పెన్ను ఆపాను.

"ఇప్పుడు కుదరదు, మాస్. పాఠం చెబుతున్నాను."

ముందు గదిలో మాటలు ఆగిపోయాయి. మా అత్తగారు దగ్గారు. నా చెవులు కాలిపోతున్నాయి. మా ఆయన తెర మీదున్న ఆడపిల్లల ముఖాలని చూశారు. మెడ రుద్దుకున్నారు.

"టీపొడి... ఏ డబ్బాలో ఉంది?" అన్నారు.

"నీలం మూత డబ్బా. పొయ్యి పైన."

ఆయన వెళ్లిపోయారు. వంటింట్లో గిన్నెల చప్పుడు మొదలైంది. నేను తెర వైపు తిరిగాను. అటు ఒక్కరూ కదలట్లేదు, నెట్ పోయిందేమో అనుకున్నాను. పోలేదు. యత్మి కత్తెర కింద పెట్టి, ఫోన్‌కి దగ్గరగా జరిగింది.

"బు రుమి, ఇప్పుడు మీరన్నారే ఆ మాట, ఇంకోసారి అనండి. కాస్త నెమ్మదిగా."